పరుగు ఆగినా ఆయాసం ఆగదెందుకు?

తీవ్ర వ్యాయామం ముగిశాక కూడా శరీరం విశ్రాంతి వేళకన్నా ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది. బ్రిటన్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ 1920లలో దీన్ని ‘ఆక్సిజన్ అప్పు’గా వర్ణించారు. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని వదిలించుకోవడానికే ఈ అదనపు ఆక్సిజన్ అని అప్పట్లో భావించారు.

అసలు లెక్క అంతకన్నా పెద్దది. మొదటి కొద్ది నిమిషాల్లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ నిల్వలు చాలావరకు నిండుతాయి. రక్తంలోని హిమోగ్లోబిన్, కండరంలోని మయోగ్లోబిన్ మళ్లీ ఆక్సిజన్‌ను అందుకుంటాయి. ఆ తర్వాత వినియోగం నెమ్మదిగా తగ్గుతుంది. ఒంటి వేడి, అడ్రినలిన్ ప్రభావం, ఇంకా వేగంగా కొట్టుకుంటున్న గుండె ఇందుకు కారణాలు. లాక్టేట్ వ్యర్థపదార్థం కాదు. అందులో ఎక్కువ భాగం ఇంధనంగా ఖర్చవుతుంది, కొంత కాలేయంలో గ్లూకోజ్‌గా మారుతుంది.

ఘజియాబాద్ జిల్లా ఇందిరాపురంలో ఇది పాఠ్యపుస్తకానికే పరిమితమైన విషయం కాదు. చలికాలంలో ఢిల్లీ పరిసరాల్లో గాలి నాణ్యత సూచీ 400 దాటి ‘తీవ్రం’ స్థాయికి చేరే రోజులుంటాయి. అప్పుడు స్వర్ణజయంతి పార్కులో పరుగు ఆపాక కూడా ప్రతి లోతైన శ్వాసతో సూక్ష్మ ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరుతూనే ఉంటుంది. అలాంటి రోజున ఆరుబయట కఠిన వ్యాయామం మానుకోవడమే మేలు. గాలి బాగున్న రోజున మాత్రం ఒక్కసారిగా ఆగిపోకుండా కాసేపు నెమ్మదిగా నడిస్తే, రక్తంలో లాక్టేట్ త్వరగా తగ్గుతుంది.