పాఠానికి కెమెరా పెట్టిన కథ

ఇవాళ ఏ పెద్ద యూనివర్సిటీకి వెళ్లినా మీడియా సెంటర్ ఒకటి కనిపిస్తుంది. వెనక ఆకుపచ్చ తెర, ముందు రెండు మూడు కెమెరాలు, పక్క గదిలో ఎడిటింగ్ కంప్యూటర్లు. స్నాతకోత్సవం రికార్డింగు, సెమినార్ లైవ్, అడ్మిషన్ల వీడియోలు, ఆన్‌లైన్ పాఠాలు అన్నీ అక్కడే తయారవుతాయి. క్యాంపస్ పనుల కోసమే ఈ సదుపాయం పుట్టిందని ఎవరైనా అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరు. మన దేశంలో క్యాంపస్ స్టూడియోలు ముఖ్యంగా పుట్టింది యూనివర్సిటీ గేటు దాకా రాలేని విద్యార్థుల కోసం.

తమిళనాడులోని ధర్మపురి అలాంటి విద్యార్థులున్న ప్రాంతం. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడివడి జిల్లా అయింది. తమిళుల మధ్య తెలుగు, కన్నడ కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉంటున్న నేల ఇది. 2011 జనగణనలో ఇక్కడి అక్షరాస్యత 68.54 శాతం, తమిళనాడు జిల్లాలన్నిటిలో అదే కనిష్ఠం. ఇక్కడి చెట్టికరైలో ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది 2013లో, అదీ అన్నా యూనివర్సిటీకి అనుబంధంగా. సేలంలోని పెరియార్ యూనివర్సిటీ ఇక్కడ పీజీ విస్తరణ కేంద్రం నడుపుతోంది. వీటికి ముందు తరాల పిల్లలు పెద్ద చదువు కావాలంటే సేలమో, మద్రాసో, బెంగళూరో వెళ్లాల్సి వచ్చేది. పిల్లలు గురువు దగ్గరికి వెళ్లలేకపోతే పాఠాన్నే పిల్లల దగ్గరికి పంపవచ్చు కదా అన్న ఆలోచనే ఈ కథకు మొదలు.

ఆ ఆలోచనకు తొలి పెద్ద పరీక్ష 1975లో జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు భారతదేశానికి ఇచ్చింది. ఆగస్టు 1న మొదలై 1976 జులై 31తో ముగిసిన ఈ ప్రయోగం పేరు సైట్. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో సుమారు 2,400 పల్లెల్లో టీవీ పెట్టెలు అమర్చారు. కోళ్లగూటికి కట్టేలాంటి తీగవల బిగించిన యాంటెన్నాలు ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకునేవి. రోజుకు నాలుగు గంటల ప్రసారం: పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరంతటికీ. కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ ఒక కేంద్రం పెట్టారు. తెలుగు పల్లెకు తెలుగు పాఠం ఆకాశం మీదుగా దిగివచ్చింది అప్పుడే. తమిళనాడు ఆ ఆరు రాష్ట్రాల్లో లేదు గనుక ధర్మపురి పల్లెలకు ఆ అవకాశం దక్కలేదు.

సైట్‌లో ఒక ఏర్పాటును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఉపగ్రహం నుంచి వచ్చే బొమ్మ ఒకటే, దాని వెంట వచ్చే ధ్వని మార్గాలు రెండు. అంటే ఒకే దృశ్యాన్ని రెండు భాషల్లో వినిపించే వీలుంది. ఎన్నో భాషల దేశానికి ఎంత చక్కని ఏర్పాటు!

సైట్ నడిచిన కాలంలో అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి సారథి ప్రొఫెసర్ యశ్‌పాల్. ఆయనే 1986లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) అధ్యక్షుడయ్యారు. అంతకు రెండేళ్ల ముందే, 1984 ఆగస్టు 15న, ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆసరాతో యూజీసీ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' ప్రసారాలు మొదలుపెట్టింది. చిన్న పట్టణాల కాలేజీల్లో చదివే డిగ్రీ విద్యార్థికి ఇరుకు సిలబస్ దాటిన లోకాన్ని దూరదర్శన్ ద్వారా చూపించడం దాని లక్ష్యం. తొలినాళ్లలో విదేశాల నుంచి తెచ్చిన కార్యక్రమాలే ఎక్కువ. మన పాఠాలు మనమే తీయాలంటే స్టూడియోలు కావాలి, మనుషులు కావాలి. అందుకే యూజీసీ కొన్ని క్యాంపస్‌లను ఎంచుకుని మీడియా కేంద్రాలు పెట్టించింది.

ఢిల్లీలో జామియా, అహ్మదాబాద్‌లో గుజరాత్ యూనివర్సిటీ, పుణె యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఇప్పుడు ఇఫ్లూగా మారిన ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్ మొదటి వరుసలో ఉన్నాయి. ఉస్మానియాలో ఆడియో విజువల్ పరిశోధన కేంద్రం వచ్చింది. తర్వాత తమిళనాడులో అన్నా యూనివర్సిటీ, మదురై కామరాజ్ యూనివర్సిటీ ఆ వరుసలో చేరాయి. వీటన్నిటినీ కలిపి నడపడానికి 1993లో కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ అనే సంస్థ ఏర్పడింది.

ఆ రోజుల్లో ఒక పాఠం తయారు కావడమంటే మాటలు కాదు. చిత్రీకరణ యూమాటిక్ అనే వీడియో టేపుల మీద. ఎడిటింగ్‌కు రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టేవారు. ఒకదానిలో తీసిన టేపు, ఇంకోదానిలో ఖాళీ టేపు. కావలసిన ముక్కను వెతికి, ఆపి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కించాలి. ఆ తర్వాత ఇంకో ముక్క. అంతా అయ్యాక నడుమ ఎక్కడో పది సెకన్లు పెంచాలని ప్రొఫెసర్‌గారు అంటే, అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ కూర్చాల్సిందే. పోనీ కూర్చిన టేపునే మరో టేపుకు ఎక్కిద్దామా అంటే కాపీ కాపీకీ బొమ్మ పలచబడేది. ఇంత శ్రమపడి సిద్ధం చేసిన టేపు ప్రసారం కోసం ఢిల్లీకి చేరాలి.

లోటల్లా భాష దగ్గర వచ్చింది. కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ ప్రధానంగా ఇంగ్లీషులో సాగింది. ఎవరి కోసం తలపెట్టారో ఆ చిన్న పట్టణపు విద్యార్థికే అది సగం అందింది, సగం అందలేదు.

తెలుగులో ఈ లోటును పూరించడానికి పూనుకున్నది సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ వెలసింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. పగలంతా పనిచేసుకునే మనిషికి డిగ్రీ పాఠం తెలుగులో, రేడియోలోనూ టీవీలోనూ వినిపించడం అక్కడి చదువులో భాగమైంది. ఆ తర్వాత రాంరెడ్డి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) తొలి ఉపకులపతిగా, యూజీసీ అధ్యక్షుడిగా పనిచేశారు.

ఆపైన మార్పులు వేగంగా వచ్చాయి. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల కార్యక్రమం ప్రారంభించాయి. మద్రాసు ఐఐటీ సమన్వయంతో తరగతి గది పాఠాలే వీడియోలయ్యాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది, చదువు కోసమే ప్రత్యేకించిన మన తొలి ఉపగ్రహం అది. 2017 జులై 9న ఆన్‌లైన్ కోర్సుల స్వయం వేదిక, దాంతోపాటు 32 టీవీ చానళ్ల స్వయంప్రభ మొదలయ్యాయి. కరోనా వచ్చి కాలేజీలు మూతపడ్డాక వీడియో పాఠం చాలామంది అధ్యాపకులకు తప్పనిసరి అయింది. టేపులు పోయాయి, రెండు యంత్రాల పని ఒక ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. చెట్టికరై విద్యార్థి ఇవాళ మద్రాసు ఐఐటీ పాఠాన్ని చేతిలో ఫోనులో చూడగలడు.

దూరం ఇలా తగ్గింది గానీ భాష అడ్డు పూర్తిగా తొలగలేదు. ఎన్‌పీటెల్ పాఠాల అనువాదాలు తెలుగుతో సహా మన భాషల్లో వస్తున్నాయి. అది మంచి మొదలు. అయినా మన క్యాంపస్ స్టూడియోల్లో ప్రచార వీడియోల మీద, వేడుకల రికార్డింగుల మీద పెడుతున్న శ్రద్ధ పాఠాల మీదా పెట్టాలి. 1975లో అరువు తెచ్చుకున్న ఉపగ్రహం మీదే ఒక బొమ్మకు రెండు భాషలు జోడించగలిగాం. ఇప్పుడు ఒక వీడియోకు ఎన్ని ధ్వనులైనా కలపవచ్చు, అదనపు ఖర్చు గొంతు రికార్డు చేయడానికి అయ్యేదే.

ధర్మపురి లాంటి మూడు భాషల జిల్లాలో తీసే ప్రతి పాఠానికీ తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఉండాలి. రాష్ట్ర సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి దక్షిణాది భాషల కోసం పనిచేస్తోంది. అక్కడి భాషా పండితులు, అన్నా యూనివర్సిటీ స్టూడియో, ధర్మపురి కాలేజీల అధ్యాపకులు కలిసి కూర్చుంటే ఈ పని జరుగుతుంది. గేటు దాకా రాలేని పిల్లల కోసం మొదలైన స్టూడియో వాళ్లింటి భాషలో మాట్లాడిన రోజే దాన్ని తలపెట్టిన పెద్దల శ్రమ పూర్తిగా ఫలించినట్టు.