తీగలోనా, తీగ బయటా?

1820 జులై 21న కోపెన్‌హాగెన్‌ ఆచార్యుడు ఆర్‌స్టెడ్‌ లాటిన్‌లో నాలుగు పేజీల కరపత్రం అచ్చువేయించి యూరప్‌ పండితులకు పంపాడు. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతోందన్నది అందులోని విషయం. ముల్లు కదలడం కన్నా అది కదిలిన దిశే వింత. అప్పటిదాకా లెక్కకు లొంగిన బలాలు రెండు వస్తువులను కలిపే గీత వెంబడే లాగేవి, లేదా నెట్టేవి. ఈ బలం తీగ చుట్టూ తిరుగుతోంది!

సెప్టెంబరు 11న ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో ఈ ప్రయోగాన్ని పారిస్‌ అకాడమీలో చేసి చూపించాడు. వారం తిరిగేసరికి ఆంపియర్‌ తన తొలి పత్రం చదివాడు. సమాంతర తీగల్లో కరెంటు ఒకే దిశలో పారితే అవి ఆకర్షించుకుంటాయనీ, ఎదురు దిశల్లో పారితే వికర్షించుకుంటాయనీ ఆ నెలలోనే తేల్చాడు. 1825లో ఇంగ్లండులో స్టర్జన్‌ తీగచుట్ట మధ్య ఇనుము పెట్టి విద్యుదయస్కాంతం చేశాడు. ఆయనది తొడుగు లేని తీగ కాబట్టి చుట్లు ఎడంగా వేయాల్సి వచ్చింది. అమెరికాలో జోసెఫ్‌ హెన్రీ తీగకు పట్టు తొడిగి, చుట్టు మీద చుట్టు వేశాడు. 1831లో యేల్‌ కాలేజీకి ఆయన చేసిచ్చిన అయస్కాంతం 2,000 పౌండ్లకు పైగా ఎత్తింది.

అదే ఏడు ఆగస్టు 29న లండన్‌లో ఫారడే చేసిన ప్రయోగమే ఈ చరిత్ర మొత్తానికీ కీలకమని నేను నమ్ముతాను. ఆరంగుళాల ఇనుప కడియం. ఒక సగానికి ఒక తీగచుట్ట, రెండో సగానికి ఇంకొకటి. మొదటిదాన్ని బ్యాటరీకి కలపగానే రెండోదాని దగ్గరున్న ముల్లు ఒక్కసారి ఊగి, తిరిగి యథాస్థానానికి వచ్చింది. బ్యాటరీ తీసేస్తే మళ్లీ ఊగింది, ఈసారి ఎదురు వైపుకు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ కదలిక లేదు. అయస్కాంతత్వం ఉంటే చాలదు, మారాలి. తీగల మధ్య ఉన్న చోటులోనే ఏదో జరుగుతోందన్న నమ్మకం ఫారడేలో క్రమంగా బలపడింది. ఇనుప రజను గీసి చూపే బలరేఖలు ఆయనకు ఊహాచిత్రాలు కావు. 1855 నుంచి పదేళ్లపాటు మాక్స్‌వెల్‌ ఆ రేఖలకు గణితరూపం ఇచ్చాడు; ఆ రేఖలు పరుచుకున్న చోటునే క్షేత్రం అంటాం.

అయినా కరెంటు శక్తి గొట్టంలో నీళ్లలా తీగ లోపలే పోతుందన్న భావన పోలేదు. 1884లో బర్మింగ్‌హామ్‌ ఆచార్యుడు పాయింటింగ్‌ దాన్ని తలకిందులు చేశాడు. శక్తి విద్యుత్‌ క్షేత్రానికీ అయస్కాంత క్షేత్రానికీ లంబంగా ప్రవహిస్తుందని ఆయన లెక్క. కరెంటు పారే తీగలో విద్యుత్‌ క్షేత్రం పొడవునా ఉంటుంది, అయస్కాంత క్షేత్రం చుట్టూ ఉంటుంది. కాబట్టి తీగను వేడెక్కించే శక్తి చుట్టుపక్కల చోటు నుంచి దాని పక్కల గుండా లోపలికి వస్తుంది. అలా వచ్చేది తీగలో పుట్టే వేడికి సరిగ్గా సమానం. బల్బుకు చేరే శక్తి కూడా తీగ వెలుపలి క్షేత్రంలోనే సాగుతుంది, తీగ దానికి దారి చూపుతుంది. ఇంత గొప్ప ఫలితం మన ఇంటర్‌ పాఠాల్లో కరెంటు అధ్యాయం దరిదాపులకు రాకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇదే సత్యాన్ని విడిగా కనుగొన్న హెవిసైడ్‌ దాన్ని టెలిఫోన్‌ లైన్లదాకా తీసుకెళ్లాడు. లైనుకు ప్రేరకత్వం, అంటే కరెంటులో మార్పును ఎదిరించే గుణం, పెంచితే దూరం పోయే మాట చెదరదని 1887లో చెప్పాడు. బ్రిటిష్‌ తపాలా శాఖ ఇంజనీరు ప్రీస్‌ ఒప్పుకోలేదు. చివరికి ఆ గుణం పెంచడానికి లైను పొడవునా కొంత దూరానికొకటిగా తీగచుట్టలు అమర్చే పద్ధతికి 1900లో అమెరికాలో పేటెంటు దక్కింది ప్యూపిన్‌కు. హెవిసైడ్‌ పేటెంటు తీసుకోలేదు.