కంపవాత చరిత్రము

ముదిమి పైబడినపుడు చేయి వణకుటయు, అడుగు తడబడుటయు లోకసహజమని మనవారి తలంపు. పండుటాకు గాలికి కదలక మానునా యని సమాధానపడి యూరకుందురు. ఈ సమాధానము చేసిన కీడు తక్కువది కాదు. ఏది వయస్సు, ఏది వ్యాధి యని వేఱుచేసి చూడనిచోట చికిత్సకు దారి లేదు. ఇంగ్లీషువారు పార్కిన్సన్ వ్యాధి యనునట్టి కంపవాతమును ఆ విధముగా వేఱుచేసి చూచిన చరిత్రమును చదువరుల ముందుంచ దలచితిమి. ఇందులకు మాకొక ఋణము కారణము.

1994వ సంవత్సరమున మేము తొమ్మిదవ తరగతి చదువుచుండగా మాకు సంస్కృతము చెప్పిన పండితులొకరుండిరి. నల్లబల్లపై వారి వ్రాత ముత్యాలకోవవలె నుండెడిది. ఆ యేడు ఆ వ్రాత చిన్నదగుచు వచ్చెను. పంక్తి మొదట నుసిరికాయంత యున్న యక్షరము పంక్తి చివరకు వచ్చునప్పటి కావగింజంత యగుచుండెను. సుద్దముక్క పొదుపు చేయుచున్నారని మేము నవ్వుకొంటిమి. ఎల్లప్పుడు నవ్వుచుండెడి మొగము రాయివలె బిగిసిపోయెను. మాపై కోపము వచ్చినదనుకొంటిమి. నడచునపుడు వారి కుడిచేయి యూగక ప్రక్కకు అంటుకొని యుండెడిది. ఆ నడకను వెక్కిరించుచు వెనుక నడచినవారిలో మేమును ఉంటిమి. వణకు రెండేండ్ల తరువాత గాని రాలేదు. వచ్చినపుడును ఇంటివారు 'వయస్సు' అనిరి. వారి కప్పటికి ఏబదియాఱేండ్లు మాత్రమే. మందు మ్రింగకయే వారు మంచము పట్టి గతించిరి. అప్పటి కీ వ్యాధికి మందు పుట్టి ముప్పదియేండ్లు కావచ్చినదని మేము చాలకాలమునకు తెలిసికొంటిమి. ఆ తెలిసికొన్నదే యిచట చెప్పుచున్నాము.

వణకును వ్యాధిగా గుర్తించుట మనకు క్రొత్తది కాదు. చరకసంహిత వాతరోగములలో వేపథువును పేర్కొన్నది. తెలుగునాట వైద్యులకు చేదోడుగా నుండిన బసవరాజీయము కంపవాత లక్షణములను చెప్పుచు, చేతులు కాళ్లు వణకుటతోపాటు నిద్ర చెడుటను, బుద్ధి సన్నగిల్లుటను చేర్చినది. ఆ చూపు మెచ్చదగినది. అయినను వణకులన్నియు నొకటి కావు. అన్నమునకు చేయి చాపినపుడు వచ్చు వణకు వేఱు. ఒడిలో పెట్టుకొన్న చేయి తనంతట వణకుట వేఱు. కంపవాతమను నొక్క పేరు క్రింద అనేక వ్యాధులు కలిసియుండెను. వానిలోనుండి యొకదానిని విడదీయుట తరువాతి పని.

ఆ పనిని జేమ్సు పార్కిన్సన్ అను వైద్యుడు చేసెను. 1817లో ఆయన వణకు పక్షవాతమును గూర్చి 66 పుటల చిన్న పుస్తకమును లండనులో ప్రకటించెను. అప్పటి కాయనకు అఱువదిరెండేండ్లు. ఆయన గొప్ప ఆస్పత్రికి అధికారి కాడు. హాక్స్‌టన్ అను పేటలో పుట్టి, తండ్రివలెనే యచటనే వైద్యము చేయుచుండిన సామాన్యుడు. పౌరులకు రాజ్యాంగమున పాలు కావలెనని మాఱుపేరుతో కరపత్రములు వ్రాసెను. రాజును చంపుటకు కుట్ర జరిగినదను నభియోగమున 1794లో మంత్రాలోచనసభ యెదుట ప్రమాణము చేసి సాక్ష్యమిచ్చెను. శిలాజములను గూర్చి మూడు సంపుటములు రచించెను. రాతిలోని గవ్వను చూచిన కన్నే వీధిలోని మనుష్యునిపై నిలిచెను.

ఆ పుస్తకమున వర్ణింపబడిన రోగులు ఆర్గురు. మొదటివాడు తోటమాలి. మఱి ముగ్గురు వీధులలో కనబడినవారు. వారిలో నొకనిని ఆయన దూరమునుండి మాత్రమే చూచెను. ఆ నగరవీధులలో దినమునకు వేలమంది వారిని దాటిపోయి యుందురు. దాటిపోక నిలిచి చూచినవాడు పార్కిన్సన్. ఊరకున్న చేయి వణకుట, దేహము ముందునకు వంగుట, నడక తెలియకయే పరుగగుట, నిద్ర కలతపడుట, మలబద్ధము కలుగుట, ఇవన్నియు నొక్క వ్యాధియొక్క మెట్లని ఆయన చూపెను. అన్నియు సరిగానే చెప్పెనని కాదు. బుద్ధికి లోపము రాదనెను; కొందఱికి కాలక్రమమున వచ్చునని నేడెఱుగుదుము. మెడపై నెత్తురు తీయుమనెను, అది నిష్ప్రయోజనము. అయితే కారణమును గూర్చి తాను చెప్పునది యూహయేనని దాపఱికము లేక యొప్పుకొని, శవపరీక్ష చేయువారు దీనిని శోధింపవలెనని వేడుకొనెను. తెలియనిదానిని తెలియదని వ్రాయుట యెంత కష్టమో ఉపాధ్యాయులమైన మేమెఱుగుదుము.

ఆ వేడికోలు చాలకాలము ఎవరి చెవికి నెక్కలేదు. 1860 తరువాత పారిసు నగరమున సాల్పెట్రియేర్ ఆస్పత్రియందు షార్కో అను నాచార్యుడు దానిని మరల చేపట్టెను. ఈ వ్యాధిలో కొందఱికి వణకే యుండదనియు, కండరముల బలము నిజముగా పోదనియు, కదలిక మందగించి యవయవములు బిగియుటయే ముఖ్యమనియు ఆయన బోధించెను. రోగుల చేవ్రాతలను సైతము పరీక్షించెను. వణకు లేనిదానిని వణకనియు, పక్షవాతము కానిదానిని పక్షవాతమనియు ననుట తగదని, దీనికి పార్కిన్సన్ పేరు పెట్టెను. మా పండితులకు వణకు రాని యారెండేండ్లలో సాక్ష్యమంతయు నల్లబల్లపైనే యుండెను, మేమది చదువలేదు.

షార్కో చికిత్సలలో నొకటి వినదగినది. గుఱ్ఱపు బండిలోను రైలులోను ప్రయాణము చేసిన రోగులు తమకు హాయిగా నున్నదని చెప్పిరి. ఆయన అది విని, కూర్చున్నవానిని అదరించు కుర్చీ యొకటి చేయించెను. రోగులు మేలనిరి. ఆ మేలు కుర్చీవలన కలిగినదా? ఈ ప్రశ్నకు సమాధానము 2012లో వచ్చెను. కొందఱు రోగులను అదరు కుర్చీలోను, మఱికొందఱిని అదరని కుర్చీలోను కూర్చుండబెట్టి చూడగా, ఇరువురికిని ఇంచుమించు సమానముగనే మేలు కనబడెను. కుర్చీకన్న విశ్రాంతియు నాశయు పనిచేసినవన్నమాట. 'మావానికి గుణమిచ్చినది' అను మాట చికిత్సకు ప్రమాణము కాజాలదు. ప్రక్కన సరిపోల్చుట కొకటి యుండవలెను.

ఇక వ్యాధి యెక్కడ నున్నది? 1912లో లేవీ అను జర్మను పండితుడు రోగుల మెదడులోని నాడీకణములయందు చిన్న గుండ్లవంటివానిని చూచెను. 1919లో ట్రెటియాకాఫ్ అను వైద్యుడు పారిసున సమర్పించిన సిద్ధాంతవ్యాసమున, మెదడు అడుగుభాగమున నల్లగా కనబడు నొక చిన్న భాగము ఈ రోగులయందు వెలవెలబోవునని చూపెను. అచటి కణములలో సుమారు సగము నశించిన తరువాత గాని వ్యాధి బయటపడదు. ఆ కణములు చేయు పని యేమో తెలియుటకు మఱి నలువదియేండ్లు పట్టెను. ఈ ఘట్టమున మన నేల మొక్కలు రెండు కథలోనికి వచ్చుచున్నవి.

మొదటిది సర్పగంధి. ఉన్మాదమునకును రక్తపుపోటునకును ఇది పనిచేయునని 1931లో కలకత్తాలో సేన్, బోస్ అను వైద్యులు ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండున దానినుండి రిసెర్పీన్ అను సారమును వేఱుచేసిరి. అది పుచ్చుకొన్న కొందఱు రోగులు బిగిసిపోయి కంపవాతరోగులవలె నైరి. 1957లో స్వీడను దేశీయుడు కార్ల్‌సన్ దానిని కుందేళ్లకిచ్చి నిశ్చేష్టములను గావించి, పిమ్మట లీవోడోపా యను పదార్థమునిచ్చెను. అవి మరల లేచి మెదలెను. మెదడులో లీవోడోపా డోపమీన్‌గా మాఱునని, ఆ డోపమీన్ లోపమే బిగింపునకు కారణమని యూహ కలిగెను. ఆ కృషికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించెను.

రెండవది దూలగొండి. కాయపై నూగు తగిలిన దేహమంతయు దురదపెట్టు నీ తీగను పల్లెపిల్లలందఱు నెఱుగుదురు. సంస్కృతమున దీనికి కపికచ్ఛువని పేరు. 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అను నిరువురు దీని విత్తనములనుండి లీవోడోపాను వేఱుచేసి ప్రకటించిరి. ఐరోపాలో 1913లోనే చిక్కుడుజాతి గింజనుండి యీ పదార్థము తీయబడియుండెను. ఏ వ్యాధికిది మందగునో నాడెవరికిని తెలియదు. కంచెపై మందు కాయుచుండెను. క్రింద రోగి వణకుచుండెను. నడుమ వంతెన లేదు.

ఆ వంతెనను వియన్నా కట్టెను. 1960లో ఎహ్రింగర్, హార్నికీవిచ్ అనువారు మృతుల మెదళ్లను పరీక్షించి, కంపవాతరోగులయందు డోపమీన్ మిక్కిలి తక్కువగా నున్నదని నిరూపించిరి. 1961లో హార్నికీవిచ్ ప్రేరణమున బిర్క్‌మేయర్ రోగులకు లీవోడోపాను నరములోని కెక్కించెను. మంచమున కదలలేనివారు లేచి నడచిరి. కొన్ని గంటలకు మరల ఒఱగిరి. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌యందు కాట్జియాస్ మందును నోటి ద్వారమున, కొద్దికొద్దిగా మోతాదు పెంచుచు, పదునార్గురికిచ్చి స్థిరమైన గుణము చూపెను. వాంతి తగ్గించుటకు మఱియొక మందును జోడించుట 1970 తరువాత వచ్చినది. నేటికిని ఈ వ్యాధికి దీనిని మించిన మందు లేదు.

అయితే వరముతో నియమమును వచ్చెను. కొన్నియేండ్లకు మందు పనిచేయు వేళ కుఱుచయగును. మోతాదు మోతాదుకు నడుమ బిగింపు మరల వచ్చును. మందు ప్రబలియున్న వేళ కాళ్లుచేతులు అడ్డదిడ్డముగా మెలికలు తిరుగును. నాలుగునుండి యాఱేండ్లు మందు వాడినవారిలో నూటికి నలువదిమందికి ఇట్టిది కలుగునని లెక్కించిరి. ఇది చూచి, మందును వీలైనంత కాలము దాచిపెట్టుట మేలను నమ్మకము వైద్యులలోను, ఇండ్లలోను పాతుకొనెను.

ఆ నమ్మకమును కూడ సరిపోల్చి చూచిరి. ఘానాదేశమున రోగులు మందును ఆలస్యముగ మొదలుపెట్టుచుండిరి, ఇటలీలో ముందుగ. 2014లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, వ్యాధి మొదలైననాటినుండి లెక్కింపగా ఇరుదేశములవారికిని ఈ చిక్కులు ఇంచుమించు నొకే కాలమున వచ్చెను. చిక్కులకు మూలము వ్యాధి ముదురుటయు, మోతాదు హెచ్చుటయు గాని, త్వరగా మొదలుపెట్టుట కాదు. 2019లో నెదర్లాండ్సున 445గురు రోగులలో కొందఱికి వెంటనే, కొందఱికి నలువది వారముల తరువాత మందిచ్చి చూచిరి. ఎనుబది వారములకు ఇరువురి స్థితియు సమానము. మందు వ్యాధిని నిలుపలేదు. ముందుగా నిచ్చుటవలన హానియు చేయలేదు. దాచిపెట్టినవారు పొందినది సుఖముగా గడపదగిన దినముల నష్టమే.

దూలగొండి మాటయు ఇట్లే తేలవలెను. 2004లో లండనున ఎనమండ్రు రోగులకు, ఏ దినమున ఏ మందో వారికి తెలియకుండ, ఒకప్పుడు మామూలు మందును, ఒకప్పుడు దూలగొండి పొడిని ఇచ్చిరి. పొడి త్వరగా పనిచేసెను. దాని గుణము కొంత యెక్కువసేపు నిలిచెను. మనము సంతోషింపవచ్చును. కాని ఎనమండ్రు ఎనమండ్రే. ఒక పూట మోతాదు ఏండ్ల తరబడి వాడుట కాదు. అంగడి పొడులలో సారము సమానముగా నుండదు. వైద్యుని మందుపై దీనిని తెలియక చేర్చిన మోతాదు రెండింతలగును. ఇది మన మొక్కయను గర్వము రోగికి పథ్యము కాదు, పరీక్షయే పథ్యము.

మందునకు లొంగని చిక్కులు గల కొందఱికి మెదడులోనికి సన్నని తీగను దించి విద్యుత్తుతో ప్రేరేపించు శస్త్రచికిత్స కలదు. 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున బెనాబిద్ మొదలైనవారు దీనికి దారి తీసిరి. అదియు వ్యాధిని మాన్పదు, భారము దించును.

గృహస్థులు తెలియవలసినవి కొన్ని కలవు. వాసన తెలియకపోవుట, మలబద్ధము, నిద్రలో కేకలు వేసి చేతులు విసరుట, వణకునకు ఏండ్ల ముందే కనబడవచ్చును. ఇవి గలవారందఱికి నీ వ్యాధి యని కాదు. వాంతికిచ్చు మెటోక్లోప్రమైడ్ వంటి మందులు కొందఱియందు ఇట్టి బిగింపునే కలిగించును. మందులన్నియు వైద్యునికి చూపవలెను. పప్పు, పాలు, మాంసము వంటి మాంసకృత్తుల ఆహారముతో కలిపి మ్రింగిన లీవోడోపా కొందఱికి సరిగా నెక్కదు, వేళ మార్చుకొనవలెను. మందు నొక్కసారిగా మానిన ప్రాణాపాయము కలుగవచ్చును. డోపమీన్‌ను అనుకరించు కొన్ని మందులవలన జూదము, మితిమీరిన కొనుగోళ్లు మొదలైన వ్యసనములు పుట్టవచ్చును. అది చెడునడత కాదు, మందు చేసిన పని. సిగ్గుపడి దాచక వైద్యునికి చెప్పవలెను.

బిగిసిన మొగమును గర్వమనియు, ఆలస్యమును సోమరితనమనియు, చిన్న యక్షరమును పిసినితనమనియు చదువుట మనయిండ్లలో నింకను పోలేదు. రెండువందల యేండ్ల క్రిందట నొక వైద్యుడు ఎఱుగని బాటసారి నడకయందు చూచినదానిని, మనము ఒకే కంచమున తినువారియందు చూడలేకుంటిమి. మా పండితుల చేవ్రాత గల పాత పుస్తక మొకటి మాయొద్ద నున్నది. మొదటి పుటలోని 'బాగు' అను మాట వ్రేలి గోరంత యున్నది. చివరి పుటలోనిది చీమ తలంత. ఆ నడుమ పుటలు మేము త్రిప్పుచునే యుంటిమి. చదువరులు తమ యింటి పుటలను ఒకసారి త్రిప్పి చూతురుగాక.