ఎంబామింగ్: దారి మూసుకుపోయిన దేహాలు

శవం చెడకుండా చేసే మామూలు ఎంబామింగ్‌కు రక్తనాళాలే కాలువలు. మెడలోని కెరోటిడ్ ధమనిలోకో, తొడ మొదట్లోని ఫిమొరల్ ధమనిలోకో ఫార్మాల్డిహైడ్ ద్రావణం ఎక్కిస్తే ఒళ్లంతా పాకుతుంది; సిర తెరిచి నెత్తురు వదులుతారు. పోస్టుమార్టం జరిగిన దేహంలో ఆ కాలువలకు గండ్లు పడతాయి. అప్పుడు మెడకు రెండు వైపులా, చేతులకు, కాళ్లకు విడివిడిగా ఆరు చోట్ల ఎక్కించాలి.

ఇందులో పేరుమోసిన చిక్కు లెనిన్ దేహానిది. 1924 జనవరి 21న ఆయన చనిపోయాక పాథాలజిస్టు అబ్రికొసోవ్ శవపరీక్ష చేశారు. ఎల్లకాలం దాచే ఆలోచన అప్పటికి లేదు గనుక పెద్ద నాళాలు తెగినా ఎవరూ పట్టించుకోలేదు. మాస్కో చలి కొన్నాళ్లు కాచింది. మార్చికి చర్మం రంగు మారసాగింది. ఖార్కివ్ అనాటమీ ఆచార్యుడు వొరొబ్యోవ్, జీవరసాయన శాస్త్రవేత్త జ్బార్‌స్కీ రంగంలోకి దిగి, ఎక్కించే దారి లేక దేహాన్నే ద్రావణంలో నానబెట్టారు. ముందు ఫార్మాల్డిహైడ్, తర్వాత గ్లిజరిన్, పొటాషియం అసిటేట్. లోపలికి ఇంకడానికి చర్మానికి గాట్లు పెట్టారు. మచ్చలకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించారు. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది, అందుకే దేహం ఎండి ముడుచుకోలేదు. దాదాపు నాలుగు నెలల పని అది. నానబెట్టడం మాత్రం ఒక్కసారితో తీరలేదు, నేటికీ విడతలవారీగా సాగుతోంది.

నీరు పట్టిన దేహాలది వేరే గొడవ: ఒంట్లోని నీరే మందును పలచబరుస్తుంది, గాఢత పెంచాలి.

కామెర్ల కేసు ఇంకా విచిత్రం. ఫార్మాల్డిహైడ్ తగిలితే కామెర్లలో ఒంట్లో చేరే పసుపు రంగు బిలిరుబిన్ ఆకుపచ్చ బిలివర్డిన్‌గా మారి, మొహం పచ్చబారుతుంది. అందుకే అక్కడ ఫార్మాల్డిహైడ్ తక్కువున్న ద్రావణం వాడతారు.