నేల కింద మాగే ద్రాక్షరసం: కఖేతి రైతు ఇళ్ళ వైన్ చరిత్ర

జార్జియా దేశంలోని ద్రాక్ష తోటల్లో అధికభాగం కాకసస్ పర్వతాలకు దక్షిణాన, అలజాని నది పారే కఖేతి ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి రైతు కుటుంబాలు వైన్ తయారుచేసుకునే గదిని మరానీ అంటారు. పీపాల వరుసలు చూడవచ్చుననుకొని వేసవిలో వెళ్ళే సందర్శకులకు పాత పద్ధతి మరానీలో నేలమీద గుండ్రని మూతలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. ఎందుకంటే అసలు సరంజామా అంతా, తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ధాన్యం దాచిన పాతర లాగా, భూమి లోపలే ఉంటుంది. గుడ్డు ఆకారంలో, అడుగు సన్నగా ఉండే క్వెవ్రీ అనే మట్టి బానను మూతి దాకా పూడ్చి, ద్రాక్షరసాన్ని అందులోనే పులియబెట్టి అందులోనే మాగబెట్టడం ఈ పద్ధతి. బయట ఎండ ఎంత కాసినా నేల చల్లదనం వల్ల బానలోని వేడి అదుపు తప్పదు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాగే ద్రాక్షకోతను ర్త్వెలి అంటారు. చెట్టు మానును తొలిచి చేసిన దోనెలో పండ్లను కాళ్ళతో తొక్కి, రసంతో పాటు తొక్కలను, గింజలను, తొడిమలను కూడా క్వెవ్రీలో పోయడం కఖేతి ప్రత్యేకత. పులియడం మొదలైనప్పుడు పైకి తేలే పిప్పిని రోజుకు పలుమార్లు కర్రతో కిందికి నొక్కుతారు. పొంగు తగ్గాక మూత పెట్టి, బంకమట్టితో అంచులు మూసి, వసంతం దాకా కదపరు. ర్కాత్సితెలి వంటి తెల్ల ద్రాక్ష నుంచి వచ్చే వైన్ తేనె రంగులో, నాలుకకు కొంత వగరుగా ఉండటానికి నెలల తరబడి తొక్కలతో కలిసి ఉండటమే కారణం. మిగిలిన పిప్పిని బట్టీ పెట్టి చాచా అనే సారా తీస్తారు.

వేసవి నాటికి వైన్ వేరే బానల్లోకి మారి ఉంటుంది కాబట్టి, ఖాళీ అయిన వాటిని కడగడం రైతుకు పెద్ద పని. లోపలి గోడకు మట్టి రంధ్రాలు పూడేలా తేనెమైనం పూసి ఉంటుంది. దాని మీద పాత మడ్డి మిగిలితే వచ్చే పంట పాడవుతుంది. చెర్రీ చెట్టు బెరడుతో కట్టిన కుంచెలు ఇందుకు వాడతారు, బాన పెద్దదైతే మనిషే లోపలికి దిగుతాడు. అదే సమయంలో తోటలో బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లుకోవాలి, వడగళ్ళ భయంతో ఆకాశం వైపు చూస్తుండాలి. అతిథులు వైన్ రుచిని తలచుకున్నంతగా ఈ చాకిరీని తలచుకోకపోవడం సహజమే గాని, ఆ రుచి చాలామటుకు దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ విద్య ఎంత పాతదనే ప్రశ్నకు జార్జియన్లు ఎనిమిది వేల ఏళ్ళని జవాబిస్తారు. రాజధాని త్బిలిసికి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులవెరిస్ గోరా అనే నవీన శిలాయుగపు దిబ్బల్లో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్షకు గుర్తయిన టార్టారిక్ ఆమ్లం ఉన్నదని, అవి క్రీ.పూ. 6000-5800 నాటివని 2017లో పరిశోధకులు ప్రకటించారు. అయితే ఆ ఆనవాళ్ళు వైన్ ప్రాచీనతను చెబుతాయే తప్ప, బానను పూడ్చిపెట్టే పద్ధతి కూడా అంత పాతదని నిరూపించవు. గర్వంలో ఈ రెండూ కలిసిపోతుంటాయి.

నిజానికి ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దాన్ని దాటి రావడమే దాని ప్రాచీనత కంటే ఆశ్చర్యకరమైన సంగతి. 1921లో సోవియట్ ఎర్రసైన్యం జార్జియాను ఆక్రమించిన తర్వాత వైన్ తయారీ క్రమంగా ప్రభుత్వ కర్మాగారాల చేతికి వెళ్ళింది. వాటికి కావలసింది అధిక దిగుబడి, ఎక్కడ తాగినా ఒకే రుచి. ఐదు వందలకు పైబడిన దేశవాళీ ద్రాక్ష రకాలలో కొన్నిటికే ప్రాధాన్యం మిగిలింది. కాని రైతులు ఇంటి అవసరానికి చేసుకునే వైన్ కర్మాగారపు లెక్కల్లోకి రాలేదు గనుక, విందుకూ పెళ్ళికీ, చర్చికి సమర్పించడానికి విడిగా ఉంచే జెదాషే అనే వైన్‌కూ పెరటి క్వెవ్రీలే ఆధారమయ్యాయి. అమ్మకపు సరుకు కాకపోవడమే ఆ పద్ధతిని కాపాడిందనవచ్చు. 1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మొదలుపెట్టిన మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలు నరికివేతకు గురైనా ఇంటి మరానీలు పూర్తిగా మూతపడలేదు.

2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది. ప్రధానమైన అంగడి ఒక్కసారిగా మూసుకుపోగా, ఉత్పత్తిదారులు ఐరోపా, అమెరికా, ఆసియాల వైపు తిరిగారు. అప్పటికే ఇటలీలోని ఫ్రియూలీ ప్రాంతపు వైన్ తయారీదారు యోష్కో గ్రావ్నెర్ 2001 నుంచి క్వెవ్రీలలో వైన్ పులియబెడుతుండటంతో ఈ పాత్ర పేరు బయటి రసజ్ఞులకు తెలిసింది. 2013లో రష్యా నిషేధం ఎత్తివేసింది. అదే ఏడాది యునెస్కో ఈ పద్ధతిని మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగు బానలతో ఇంటికి చేసుకున్న కుటుంబాలలో కొన్ని సీసాలకు చీటీలు అంటించి, తోటలో బల్లలు వేసి, అతిథులకు భోజనంతో పాటు వైన్ పోయడం మొదలుపెట్టాయి.

అయితే ఎగుమతయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ పెద్ద కర్మాగారాలదే. పైగా క్వెవ్రీ తయారీ తొందరపెట్టే పని కాదు: ఒక మట్టి వరుస ఆరాకే మరొకటి పేర్చాలి కాబట్టి పెద్ద బాన పైకి లేవడానికి వారాలు పడుతుంది, ఆపైన ఆవంలో రోజుల తరబడి కాలాలి. కఖేతిలోని వర్దిసుబని, పశ్చిమాన ఇమెరెతిలోని ష్రోషా, మకతుబని వంటి కొద్ది గ్రామాల కుమ్మరి కుటుంబాలకే ఈ పనితనం మిగిలి ఉంది.