సాయుజ్య శబ్దార్థ విచారము

సాలోక్యమన నొకే లోకమున నుండుట, సామీప్యమన దగ్గర నుండుట, సారూప్యమన సమానరూపము నొందుట, సాయుజ్యమన దేవునియందు లీనమై తాను లేకపోవుట యని బడులలో పాఠము చెప్పుచున్నాము. మొదటి మూటి యర్థములు ఆయా పదములలోనే యున్నవి. నాలుగవదాని యర్థము మాత్రము పదములో లేదు.

'యుజ్' ధాతువునకు పూన్చుట, కూర్చుట యని యర్థము. యోగము, కాడి యను నర్థముగల యుగము దాని సంతతియే. కలిసి పూన్పబడినవాడు సయుజుడు. వాని భావము సాయుజ్యము. ఒక కాడిక్రింది యెడ్లు రెండును కలిసి నడచును గాని యొకటి కావు. ఋగ్వేద ప్రథమమండలము 164వ సూక్తమున నొకే చెట్టుపై నున్న రెండు పక్షులకు ఈ విశేషణమే వాడబడినది. అందొకటి పండు తినును. రెండవది తినక చూచుచుండును. ముండకోపనిషత్తును ఈ మంత్రమునే గ్రహించినది. ఛాందోగ్యమున (2-20-2) ఉపాసకునకు దేవతలతో సలోకత, సమానైశ్వర్యము, సాయుజ్యము వరుసగా చెప్పబడినవి. సాయుజ్యము లయమే యైనచో తక్కిన రెండును అనుభవించువా డెవడు?

అద్వైతమున లయార్థమే కదా యని యాక్షేపింపవచ్చును. అదియు సరిగాదు. బ్రహ్మసూత్రభాష్యమున (4-4-17) శంకరాచార్యులు సగుణోపాసనచే మనస్సుతో గూడనే ఈశ్వరసాయుజ్యము నొందినవారిని గూర్చి విచారించి, జగత్సృష్ట్యాదులయందు వారి కధికారము లేదని నిర్ణయించిరి. మనస్సు మిగిలి, అధికారమునకు హద్దు గలవాడు లీను డెట్లగును? ద్వైతులు సరేసరి, సాయుజ్యము నంగీకరించియు జీవభేదమును విడువలేదు.

మరి లయార్థ మెట్లు వచ్చినది? భాగవత తృతీయస్కంధమున (3-29-13) భక్తులు ఇచ్చినను పుచ్చుకొనని ముక్తుల లెక్కలో సాయుజ్యమను పేరు లేదు, కడపట 'ఏకత్వ'మున్నది. శ్రీధరస్వామి తన వ్యాఖ్యలో ఆ యేకత్వమునకు సాయుజ్యమని యర్థము వ్రాసెను. తోడును దెలుపు మాట ఒకటియగుటను దెలుపు మాటకు పర్యాయమైన తావులలో నిది ముఖ్యమైనదని నా తలంపు. పురాణశ్రవణము ద్వారా మన కందినది ఈ రెండవ యర్థమే.

శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు శివసాయుజ్యము నొందిన కథను ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున చెప్పెను. శ్రీ సాలెపురుగు, కాళము పాము, హస్తి యేనుగు. లీనమైనవాని పేరు మిగులరాదు గదా! అచ్చట ఆ మూటి పేళ్లను దేవుడే ధరించియున్నాడు.