కరువు సీమ దస్త్రాలు

చిలమత్తూరు రైతు తన చేని పూర్వోత్తరం తెలుసుకోదలిస్తే రెండు తరాల వరకు ఊరి చుట్టుపక్కలే జాడ దొరుకుతుంది. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా చిట్టాలు, అడంగళ్లు కరణం చేతిలో ఉండేవి. తర్వాత మండల కచేరీకి చేరాయి. ఇంకా వెనక్కి పోవాలంటే మద్రాసు రైలెక్కాలి. 1800లో నిజాం దత్తం చేసిన ఈ సీమను మన్రో 1807 దాకా ఏలి, చేను చేనూ పైమాషీ చేయించి శిస్తు నిర్ణయించాడు. ఆ నాటి రెవెన్యూ బోర్డు దస్త్రాలు ఎగ్మూరులో ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, సరిహద్దులు జరిగాయి. ఆ దస్త్రాలు జరగలేదు.

అయితే ఏ కాగితమైనా ఎవరి అవసరానికి పుట్టిందో ముందు చూడాలి. మెకంజీ కోసం కావలి సోదరులూ వారి మనుషులూ ఊరూరా తిరిగి కైఫియ్యతులు సేకరించారు. శిథిలమవుతున్న వాటికి బ్రౌను నకళ్లు తీయించాడు. మహోపకారమే, కాదనను. కాని వాటిలో పాళెగాని వంశావళి ఉంటుంది, గుడి మాన్యం ఉంటుంది. చెరువుకట్టకు మట్టి తట్టలు మోసినవాని పేరు వెదికినా కానరాదు. పక్కనే ఉన్న లేపాక్షి గుడి శాసనాలదీ ఇదే వరస: దాత పేరు రాతిలో ఉంది, ఆ భూమి దున్నినవాడు లేడు.

మరి దస్త్రాల వల్ల ప్రయోజనమేమి? 1876-78 కరువే జవాబు. ఈ సీమ జనం దాన్ని ధాత కరువన్నారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషి రోజుకూలిని ఒక పౌను ధాన్యం ధరకూ, పైన కొద్దిపాటి డబ్బుకూ దించాడు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఎదురు రాశాడు. కొన్ని నెలలకు ఆ కూలి మార్చక తప్పలేదు. సర్కారును సర్కారు కాగితమే ముద్దాయిగా నిలబెట్టింది. ఆ వాదం దస్త్రంలో మిగలకపోతే, ఆకలిచావులన్నిటికీ వానదేవుడే బాధ్యుడని నేటికీ పాఠం చెప్పుకుంటూ ఉండేవాళ్లం.

ఇదంతా పాతకాలపు ముచ్చట కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కచేరీలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. పట్టాకాగితం తప్ప మరో సాక్ష్యం లేని పేదరైతుకు అదెంత నష్టమో పరిశోధకుడు చెప్పనక్కరలేదు.

ఎగ్మూరు దస్త్రాల నకళ్లు కనీసం హిందూపురందాకా రావాలి. వస్తే చిలమత్తూరు బడిపిల్లవాడు ఇంట విన్న ధాత కరువు కథనూ, దొరలు రాసిన కూలి లెక్కనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడు.